ఒకే లీటరు ఇంజన్, అరవై ఏళ్ల దూరం: స్టాండర్డ్ హెరాల్డ్ నుంచి ఐ20 ఎన్ లైన్ దాకా

పాలకొల్లు నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో రెండు కార్లను పక్కపక్కన నిలబెడదాం. ఒకటి 1961లో మద్రాసులో తయారవడం మొదలైన స్టాండర్డ్ హెరాల్డ్. రెండోది 2021లో అదే మద్రాసు పక్కన శ్రీపెరుంబుదూరు నుంచి వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. మధ్యలో అరవై ఏళ్లు.

ఇప్పుడు మీలో కొంతమంది అడుగుతారు. పాత స్పోర్ట్స్ కూపే, కొత్త పెర్ఫార్మెన్స్ కారు అని పోలిక పెట్టాలంటే ఫెరారీనో పోర్షేనో తీసుకోవాలి కదా, ఈ రెండూ ఎందుకు అని. కారణం ఉంది. హెరాల్డ్ ఇంజన్ 948 సీసీ. ఎన్ లైన్ ఇంజన్ 998 సీసీ. తేడా యాభై సీసీ మాత్రమే. అంటే ఒక టీ గ్లాసు కూడా నిండదు. కానీ శక్తి? పాతది 35 నుంచి 40 హార్స్‌పవర్ మధ్య ఇచ్చేది. కొత్తది 120 దాకా ఇస్తుంది. దగ్గర దగ్గర మూడు రెట్లు.

రెండూ ఒకే ఊరి చుట్టుపక్కల తయారైనవే. మరి అరవై ఏళ్లలో అంత మారిపోతే, ఇంజన్ సైజు మాత్రం ఎందుకు మారలేదు? ఇవాళ్టి ఎపిసోడ్ అంతా ఈ ప్రశ్న మీదే.

కూపే అంటే ఏంటి

ముందు ఈ మాట సంగతి తేల్చేద్దాం. కూపే అంటే రెండే తలుపులు, వెనక్కి వాలినట్టుండే పైకప్పు ఉన్న కారు. ముందు ఇద్దరూ దర్జాగా కూర్చుంటారు, వెనక వాళ్లు మోకాళ్లు ముడుచుకుని సర్దుకుంటారు. దానికి కాస్త ఎక్కువ శక్తి, మలుపుల్లో కాస్త ఎక్కువ పట్టు ఇస్తే స్పోర్ట్స్ కూపే.

1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ విడుదలైనప్పుడు మామూలు కారుతో పాటు కూపే కూడా వచ్చింది. కూపేకి ఒకటి కాదు, రెండు కార్బురేటర్లు. కార్బురేటర్ అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌లోకి పంపే భాగం. రెండు ఉంటే ఇంజన్ ఊపిరి ఎక్కువ తీసుకుంటుంది అన్నమాట. డిజైన్ చేసింది ఇటలీకి చెందిన జియోవానీ మికెలొట్టి. పదునైన గీతలు, సన్నటి స్తంభాలు, చుట్టూ అద్దాలు. ఇప్పుడు చూసినా పాతబడినట్టు అనిపించదు.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం చెప్పాలి. అప్పటికి చాలా కంపెనీలు ఛాసిస్ విడిగా లేని ఒకే ముక్క బాడీలకి మారిపోతున్నాయి. హెరాల్డ్ మాత్రం లారీలాగా కింద విడి ఛాసిస్, పైన ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించే బాడీ. ఎందుకంటే స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్లకి బాడీలు చేసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. దాంతో మొత్తం బాడీ ఒకేచోట చేయించుకునే దారి మూసుకుపోయింది. తలా ఒక ముక్క తలా ఒక ఫ్యాక్టరీలో చేయించి, చివర్లో కలిపి బిగించారు.

ఇబ్బందిలో పుట్టిన ఆ ఉపాయమే దూర దేశాలకు వరమైంది. ముక్కలుగా చేసిన కారుని పెట్టెల్లో సర్ది ఓడలో పంపొచ్చు, అక్కడ బిగించుకోవచ్చు. పెద్ద పెద్ద ప్రెస్సులు లేని దేశంలో కూడా తయారు చెయ్యొచ్చు. అలా మద్రాసుకి హెరాల్డ్ సరిగ్గా సరిపోయింది.

మద్రాసు కారు, మన కారు

స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1948లో మొదలైంది. అప్పటికి పాలకొల్లు ఏ రాష్ట్రంలో ఉందో గుర్తుందా? మద్రాసులో. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన రాజధాని మద్రాసే. రాష్ట్రం విడిపోయాక కూడా మన వాళ్ల ప్రయాణం ఆగలేదు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ, ముగ్గురూ మా పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి సినిమాల్లో పేరు తెచ్చుకున్నవాళ్లే. డెల్టా కుర్రాళ్ల దృష్టిలో సినిమా అన్నా, కారు అన్నా చాలాకాలం మద్రాసే.

1950లలో కేంద్ర ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. విడిభాగాలు తెచ్చి ఊరికే బిగించి అమ్మేవాళ్లు కాదు, దశలవారీగా ఇక్కడే తయారు చేసేవాళ్లే ఉండాలి అని. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సర్దుకుని వెళ్లిపోయాయి. కార్ల విషయంలో చివరికి ముగ్గురు మిగిలారు. కలకత్తాలో అంబాసడర్ చేసే హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. అంబాసడర్ అధికారుల కారు. ఫియట్ కుటుంబాల కారు. హెరాల్డ్ మాత్రం షోకు ఉన్నవాళ్ల కారు. రెండు తలుపులు, ఇటలీ గీతలు, చిన్న సైజు.

అయితే ఇంగ్లండులో వచ్చిన అసలు కూపే మనకి రాలేదు. రెండు తలుపుల మామూలు మోడల్ మాత్రమే వచ్చింది. తర్వాత మన జనం కోసమని నాలుగు తలుపుల హెరాల్డ్ తయారు చేశారు. అది ఇంగ్లండులో ఎప్పుడూ లేదు, భారతదేశంలోనే ఉంది. ఇంటిల్లిపాదీ ఎక్కాలి, వెనక సీట్లోకి పెద్దవాళ్లు వంగి దూరలేరు. మన అవసరం కూపే కాదు అని కంపెనీకి అర్థమైంది.

పక్కపక్కన పెడితే

సరే, ఇప్పుడు లెక్కలు చూద్దాం. బోరు కొట్టకుండా చెప్తాను.

బరువు: హెరాల్డ్ సుమారు 800 కిలోలు. ఎన్ లైన్ వెయ్యి కిలోలు దాటేసింది.

పరుగు: హెరాల్డ్ సున్నా నుంచి వంద అందుకోవడానికి దాదాపు అర నిమిషం పట్టేది. ఎన్ లైన్ 9.9 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ మాట. హెరాల్డ్ గరిష్ఠ వేగం 110, 115 దగ్గర ఆగిపోయేది.

టార్క్: అంటే చక్రాన్ని తిప్పే బలం. హెరాల్డ్‌ది 70 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. ఎన్ లైన్‌ది 172. పైగా ఆ బలం 1500 ఆర్పీఎం నుంచే దొరుకుతుంది. లారీ వెనక నుంచి ఓవర్‌టేక్ చేసేటప్పుడు తెలిసే తేడా ఇదే.

చక్రాలు: హెరాల్డ్‌వి 13 అంగుళాలు, ఎన్ లైన్‌వి 16 అంగుళాలు.

ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? మూడు చోట్ల నుంచి. ఒకటి, టర్బో. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చిన్న ఫ్యాను తిప్పి, దాంతో గాలిని ఒత్తిడి పెట్టి ఇంజన్‌లోకి కుక్కుతారు. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలు ఎక్కువ మండించొచ్చు. రెండు, పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే పిచికారీ చెయ్యడం. మూడు, కంప్యూటర్. ఎంత పెట్రోలు, ఏ క్షణాన నిప్పురవ్వ అన్నది సెకనులో ఎన్నోసార్లు లెక్కేసి చెప్తుంది. హెరాల్డ్‌లో ఆ పని మెకానిక్ చెవి చేసేది. స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ తిప్పుతూ, శబ్దం వింటూ సెట్ చేసేవాళ్లు.

మరి హెరాల్డ్ గెలిచేది ఏమైనా ఉందా? రెండు ఉన్నాయండి. ఒకటి, తిరగడం. కేవలం 25 అడుగుల వలయంలో పూర్తిగా తిరిగిపోయేది. లండన్ టాక్సీలే ఇరుకు సందుల్లో తిరగడానికి పేరుపడ్డవి. దీని వలయం వాటికి సరిసమానం. మా పాలకొల్లు సందుల్లో యూటర్న్ కొట్టి చూడండి, ఆ విలువ తెలుస్తుంది. రెండోది, బానెట్. మడ్‌గార్డులతో సహా మొత్తం ముందు భాగం ముందుకి వాలిపోయేది. ఇంజన్, స్టీరింగు, సస్పెన్షన్ అన్నీ చేతికి అందేవి. మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇవాళ ఎన్ లైన్ బానెట్ ఎత్తితే పైన ప్లాస్టిక్ మూత, కింద సెన్సర్లు. స్కానర్ లేకుండా రోగం తెలియదు.

948 దగ్గరే ఎందుకు ఆగిపోయాం

ఇప్పుడు అసలు కథ. ఇంగ్లండులో హెరాల్డ్ 948 దగ్గర ఆగలేదు. 1147 సీసీ అయింది, 1967లో 1296 సీసీ అయింది. అదే ఛాసిస్‌ని పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే ఓపెన్ స్పోర్ట్స్ కారు చేశారు. 1966లో దానికి వాలు కప్పు పెట్టి, ఆరు సిలిండర్ల రెండు లీటర్ల ఇంజన్ పెట్టి జీటీ6 అనే అసలు సిసలు స్పోర్ట్స్ కూపే చేశారు. జాగ్వార్ ఈ టైప్ కొనలేనివాళ్ల ఈ టైప్ అని దానికి పేరు. హెరాల్డ్ ముందు చక్రాల సస్పెన్షన్ భాగాలని లోటస్ కంపెనీ తన స్పోర్ట్స్ కార్లలో కూడా వాడుకుంది.

మన దగ్గర? అదే 948. హెరాల్డ్ పోయి 1970లలో గెజెల్ అనే కారు వచ్చినా దాని కింద కూడా అదే 948.

మద్రాసు ఇంజనీర్లకి తెలివి లేక కాదు. కొత్త ఇంజన్ తేవాలంటే కొత్త మెషీన్లు కావాలి, మెషీన్లకి విదేశీ మారకం కావాలి, దానికి ఢిల్లీ అనుమతి కావాలి. ఎన్ని కార్లు చెయ్యాలో కూడా లైసెన్సే చెప్పేది. ఇంకో పక్క, కారు కోసం జనం డబ్బు కట్టి ఏళ్ల తరబడి క్యూలో ఉండేవాళ్లు. ఎదురుచూసే జనం అంతమంది ఉంటే, కారుని మెరుగు చెయ్యాల్సిన తొందర ఎవరికి ఉంటుంది చెప్పండి? చేసినవన్నీ అమ్ముడుపోయేవి. అలా ఒక తరం తండ్రులూ తాతలూ ఇంగ్లండులో ఎప్పుడో పాతబడిన కారుని కొత్త కారు అనుకుని కొన్నారు.

ట్రాక్టర్ ఇంజన్ వేసుకున్న ఫెరారీ

ఆ తర్వాత స్టాండర్డ్ చేసిన ప్రయత్నం ఇంకా విచిత్రం. 1985లో స్టాండర్డ్ 2000 అని ఒక పెద్ద కారు తెచ్చింది. బాడీ ఎక్కడిది? ఇంగ్లండులో 1976లో వచ్చిన రోవర్ ఎస్‌డీ1ది. ఆ రోవర్ గీతల వెనక ఫెరారీ డేటోనా కూపే ప్రభావం ఉంది. ఇంగ్లండులో దానికి 3.5 లీటర్ల వీ8 ఇంజన్, 155 హార్స్‌పవర్. 1977లో యూరప్‌లో ఆ సంవత్సరపు కారు అవార్డు కూడా దానిదే.

మన స్టాండర్డ్ 2000కి పెట్టింది 1991 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్. దాని మూలం 1940లలోది. వాన్‌గార్డ్ కారుది. అదే కుటుంబం ఇంజన్ ఫెర్గూసన్ ట్రాక్టర్‌ని నడిపింది, ట్రయంఫ్ టీఆర్2 స్పోర్ట్స్ కారునీ నడిపింది. గోదావరి జిల్లాల వాళ్లకి ట్రాక్టర్ ఇంజన్ అంటే చులకన ఏమీ లేదు, మన అన్నం అది పెట్టిందే. మంచి గట్టి ఇంజన్. కానీ నలభై ఏళ్ల నాటి ఇంజన్‌కి ఫెరారీ లాంటి చొక్కా తొడిగితే ఏమవుతుంది? బరువు లాగలేకపోయింది, పెట్రోలు తాగేసింది. ధర చూస్తే ఆకాశంలో. 1988లో ఉత్పత్తి ఆగిపోయింది. దాంతో స్టాండర్డ్ కార్ల కథ కూడా ముగిసింది.

అప్పటికి ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో 1983 డిసెంబరులోనే మారుతి 800 వచ్చేసింది. 796 సీసీ. తేలిక, చవక, స్టార్ట్ అయ్యే కారు. జనం అటు వెళ్లిపోయారు.

లైసెన్సు పోయింది, నాలుగు మీటర్లు వచ్చింది

1991 తర్వాత దారులు తెరుచుకున్నాయి. 1996లో హ్యుందాయ్ మద్రాసు పక్కన అడుగుపెట్టింది. 1998లో శాంట్రో తెచ్చింది. దాని ఇంజన్ ఎంతో తెలుసా? 999 సీసీ, 55 హార్స్‌పవర్. ఇప్పుడు వరస చూడండి. 1961లో 948 సీసీకి నలభై లోపు. 1998లో 999 సీసీకి 55. 2021లో 998 సీసీకి 120. మొదటి 37 ఏళ్లలో జరిగింది కొంచెం. తర్వాత 23 ఏళ్లలో రెట్టింపు దాటింది. పోటీ ఉంటే ఇంజన్ పరిగెడుతుంది అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కానీ ఇక్కడ ఆగి ఇంకో మాట చెప్పాలి. యూరప్‌లో ఐ20 ఎన్ అని ఒకటి ఉండేది. లైన్ కాదు, ఉత్త ఎన్. దానిది 1.6 లీటర్ల టర్బో, 204 హార్స్‌పవర్. మనకి అది రాలేదు. మనకి వచ్చిన ఎన్ లైన్‌లో ఉన్నది మామూలు ఐ20 టర్బో ఇంజనే. సస్పెన్షన్ కాస్త గట్టి చేశారు, స్టీరింగు బరువు పెంచారు, సైలెన్సర్ శబ్దం మార్చారు, వెనక చక్రాలకి కూడా డిస్క్ బ్రేకులు ఇచ్చారు. మొదట్లో ధర 9.84 లక్షల నుంచి మొదలైంది.

ఎందుకు రాలేదు? ఈసారి లైసెన్సు కాదు, పన్ను. 2006 కేంద్ర బడ్జెట్లో ఒక గీత గీశారు. కారు పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ లోపు ఉంటే తక్కువ పన్ను. ఆ గీత ఇప్పటికీ ఉంది. 2025 సెప్టెంబర్ నుంచి చిన్న కార్లకి జీఎస్టీ 18 శాతం, పెద్ద వాటికి 40 శాతం. ఐ20 యూరప్‌లో 4040 మిల్లీమీటర్లు, మన దగ్గర 3995. ఐదు మిల్లీమీటర్లు మిగిల్చి కోసేశారు! 1.6 లీటర్ల ఇంజన్ పెట్టిన క్షణంలో అది పెద్ద కారు పన్నులోకి జారిపోతుంది.

అంటే 1961లో మనకి అసలు కూపే రాకుండా ఆపింది ఢిల్లీ ఫైలు. 2021లో అసలు ఎన్ రాకుండా చేసింది ఢిల్లీ పన్ను. తేడా ఒక్కటే. అప్పుడు ఇంజనీరు చేతులు కట్టేశారు. ఇప్పుడు గీత గీసి, దాని లోపల ఏం చేస్తావో చెయ్యి అన్నారు. గీత లోపల నుంచే 120 హార్స్‌పవర్ పిండారు. చిన్న కార్లకి తక్కువ పన్ను తప్పని నేను అనను. పెట్రోలు ఆదా, సామాన్యుడికి కారు, రెండూ దాని వల్ల జరిగాయి. కానీ మన కార్లు ఇలా ఎందుకున్నాయో తెలియాలంటే షోరూం బ్రోషర్ కాదు, బడ్జెట్ చదవాలి.

కాలవ గట్టు మీద 120 హార్స్‌పవర్

ఇక మనకి నేరుగా తగిలే విషయం. డెల్టాలో మన రోడ్లు చాలా వరకు పంట కాలవల గట్ల వెంబడే పోతాయి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను. కింద నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెరలిస్తుంది, తారు అలలు అలలుగా అయిపోతుంది. కారు కాలవలో పడింది అన్న వార్త మనకి కొత్త కాదు, అందుకే చెప్తున్నాను.

హెరాల్డ్ ప్రమాదకరమైన కారే. సీటు బెల్టు లేదు, ఎయిర్ బ్యాగ్ మాటే లేదు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. వెనక సస్పెన్షన్ అయితే, మలుపులో వేగంగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేస్తే బయటివైపు చక్రం లోపలికి మడుచుకునేది, తోక విసిరేది. కానీ ఆ కారు అబద్ధం చెప్పేది కాదు. డెబ్బై దాటితే శబ్దం, ఎనభైకి వణుకు. నీ పరిమితి ఇదీ అని ముందే చెప్పేసేది.

కొత్త కారు నిజంగా సురక్షితం. ఏబీఎస్ ఉంది, జారకుండా పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, తర్వాత ఆరు ఎయిర్ బ్యాగులు కూడా వచ్చాయి. ఐనా 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ రెండు ఎయిర్ బ్యాగుల ఐ20ని గుద్ది చూస్తే ఐదుకి మూడు స్టార్లే వచ్చాయి. ఇంకో చిక్కు, అది నూటపదిలో కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. పాట వినిపిస్తుంది, వేగం వినిపించదు.

లెక్క మాత్రం కారు కోసం మారదు. వందలో వెళ్తుంటే సెకనుకి 28 మీటర్లు. గేదె అడ్డొచ్చిందని చూసి, కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపే ఆ 28 మీటర్లు అయిపోతాయి. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక ఆగడానికి కావాల్సిన దూరం నాలుగు రెట్లు. యాభైలో ఆగే చోట వందలో ఆగదు, ఎన్ని డిస్కులు ఉన్నా సరే. గట్టు వెడల్పు మీ తాతల రోజుల్లో ఎంతో ఇప్పుడూ దాదాపు అంతే. శక్తి మూడు రెట్లైంది, గట్టు కాలేదు.

వేగం చూపించాలి అంటే దానికి చోటు ఉంది. మద్రాసు వాళ్లు ఒకప్పుడు షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు పెట్టేవాళ్లు. తర్వాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకే కట్టారు. మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. దేశంలో అదే మొదటిది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్ల శక్తి 350 కిలోవాట్లు, పెట్రోలు చుక్క లేదు. తర్వాతి ఏడాది రేసు మాత్రం రద్దైపోయింది. తెలుగు రాష్ట్రాల్లో కుర్రాళ్లకి ఒక మంచి శాశ్వత ట్రాక్ ఉంటే, సగం రీల్స్ గట్ల మీద కాకుండా అక్కడే తీసుకుంటారని నా నమ్మకం.

మీ షెడ్డులో హెరాల్డ్ ఉంటే

చివరిగా పనికొచ్చే ముక్క ఒకటి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడి నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మార్చకుండా ఉంచిన బండి అయితే వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదుకి ఫీజు 20 వేలు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రోజువారీ తిరగడానికీ, కిరాయికీ వాడకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ తీసుకెళ్లొచ్చు. హెరాల్డ్‌లు ఇప్పుడు ఆ వయసుకి వచ్చేశాయి. కాబట్టి కొబ్బరి డొక్కల కింద, ధాన్యం బస్తాల వెనక ఒకటి తుప్పు పడుతుంటే పాత ఇనుముకి వేసేయకండి. ముందు ఆర్‌సీ కాగితం ఎక్కడుందో వెతకండి.

నన్ను అడిగితే ఏది గొప్ప కారు? నడపడానికి ఎన్ లైన్. అందులో డౌట్ లేదు. చదవడానికి హెరాల్డ్. ఒక దేశం తన వాళ్లని ఎంతకాలం క్యూలో నిలబెట్టిందో ఆ 948 అంకెలోనే రాసుంది. 998లో ఏం రాసుందో మీరు చెప్పండి, కామెంట్లలో చూస్తాను. మీ ఇంట్లో పాత కారు ఫోటో ఉంటే, అది ఏ ఏడాది ఎక్కడ కొన్నారో పెద్దవాళ్లని అడిగి రాయండి. ఉంటానండి, ఆయ్!